తల కోసం ఆర్మూరు దాకా: మా సరిత ఇనుప బొమ్మతో ఒక రోజు

పాత ఇనుముతో, పారేసిన సామాన్లతో బొమ్మలు చేసే పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చి నన్ను అడుగుతున్నారు. ఆర్మూరుకు ఎట్లా పోవాలి, సామాను ఎక్కడ దొరుకుతుంది, అతికించేవాళ్ళు ఎవరు అని. నాది మూడో తరగతి చదువు. అయినా అడిగినవాళ్ళకు అడిగినట్టు చెప్పి చెప్పి నోరు నొస్తున్నది కాబట్టి, తొంభైల నడుమ నేను ముప్కాల్ నుంచి ఆర్మూరుకు పోయివచ్చిన ఒక రోజు సంగతి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. టికెట్లు, రేట్లు అప్పటివి. దారి మాత్రం అదే.

నా బిడ్డ సరిత పదో తరగతి దాకా చదివి, తర్వాత నాతోపాటు బీడీలు చుట్టేది. చుట్టుడు కంటే దానికి చెత్త ఏరుడు ఎక్కువ ఇష్టం. విరిగిన నాగలి కర్రు, సైకిల్ హ్యాండిల్, పసుపు పాలిష్ చేసే డ్రమ్ముకు ఊడిపోయిన జాలీ, ఏది కనిపించినా ఇంటికి తెచ్చేది. నేను తిట్టేదాన్ని. అది నవ్వేది. ఆర్మూరులో ఒక వెల్డింగ్ షాపుకు పోయి వాటిని అతికించి కోడిపుంజును చేసింది, తలపాగా చుట్టుకున్న ముసలాయనను చేసింది, చూసినవాళ్ళు అడిగితే ఇచ్చేసింది. ఆఖరుకు ఒక ఆడమనిషి బొమ్మ మొదలుపెట్టింది. ఐదేళ్ళ పిల్లంత ఉంటుంది. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుంటుంది. ఒళ్ళో చాటకు బదులు కిరసనాయిలు డబ్బా మూత. వేళ్ళకు మా వాడలో ఆడవాళ్ళు అరగదీసి పారేసిన బీడీ కత్తెరల ముక్కలు. బీడీలు చుట్టే మనిషి అని తెలుస్తూనే ఉంది. మా వాడంతా బీడీలు చుట్టేవాళ్ళే కాబట్టి ఎవరో ఒకరు అనుకున్నాను. మెడకు ముందుకు వంగిన కడ్డీ ఒకటి ఉంది, తల పెట్టలేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో సరితకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు దవాఖానాలో ఉంది. ఐదో రోజు నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను.

ఏడాది తిరిగి వచ్చింది. సంవత్సరీకం ఆదివారం అనగా, బుధవారం నాడు మా బావగారు, అంటే మా ఆయన అన్న, వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మా ఆయన దుబాయిలో ఉన్నాడు కాబట్టి ఇంటికి పెద్దదిక్కు ఆయనే.

"సాయవ్వా, తల లేని బొమ్మ ఇంట్ల ఉండద్దు. యాడాది మాసికానికి మంది వస్తరు, ఏమనుకుంటరు? ఆయితారం దాక చూస్త. తలన్న పెట్టియ్యి, లేకుంటె పోచంపాడు కాడ గోదావరిల ఏసి వస్త."

ఆయన చెడ్డమనిషి కాదు. భయపడే మనిషి. నాకు మాత్రం బిడ్డను రెండోసారి పంపిస్తున్నట్టు అయింది. మర్నాడు పొద్దున్నే బొమ్మను ఆర్మూరుకు తీసుకుపోవాలని తీర్మానం చేసుకున్నాను.

బొమ్మ పదిహేను కిలోల దాకా ఉంటుంది. చుట్టడానికి పెద్ద గోనెసంచి కావాలి. పక్కింటివాళ్ళు పసుపు ఆరబోసి, ఎత్తి, ఖాళీ చేసిన సంచి ఒకటి ఇచ్చారు. అందులో పసుపు పొడి ఇంకా అట్లాగే అంటుకొని ఉంది. దులిపే తీరిక ఎవరికి ఉంది? తెల్లవారి మంచుకు సంచి తడిసింది, పసుపంతా ఇనుముకు పట్టుకుంది. బొమ్మతోపాటు సరిత దాచిన సైకిల్ చైను ముక్క ఒకటి ఉంటే, దేనికో తెలియకపోయినా అది కూడా వేసి మూతి కట్టాను. పసుపు సంచిలో చుట్టడం, ఇదీ నేను చేసిన తప్పు. అయితే ఇంత మంచి తప్పు నేను జీవితంలో ఇంకొకటి చేయలేదు.

ముప్కాల్ రోడ్డు మీదికి వచ్చి నిలబడితే ఏడున్నరకు నిర్మల్ వైపు నుంచి ఎర్రబస్సు వచ్చింది. ఆర్మూరుకు నాలుగు రూపాయల టికెట్. బస్సు కిక్కిరిసి ఉంది. సంచిని మెట్ల మీద పెట్టేసరికి మూతి జారి భుజాలు బయటపడ్డాయి. పచ్చగా మెరిసిపోతున్న రెండు భుజాలు, పైన వంగిన కడ్డీ తప్ప ఏమీ లేదు. కండక్టర్ విసుక్కున్నాడు.

"గిదేందమ్మా? లగేజీనా? మీదికెక్కియ్యి."

ముందు సీట్లో కూర్చున్న ఒక ముసలవ్వ గయ్యిమంది. "లగేజీ ఏందిరా, కండ్లు కనబడ్తలేవా? అమ్మవారిని మీదికెక్కిస్తవా? పసుపు కొట్టుకొని ఉన్నది తల్లి!"

అంతే. నలుగురు లేచారు. ఒకాయన సీటు దులిపి మరీ ఇచ్చాడు. బొమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, దాని పక్కన నన్ను కూర్చోబెట్టారు. కాదు, ఇది అమ్మవారు కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఏడాది నుంచి ఆ బొమ్మను చూసి ముఖం తిప్పుకున్నవాళ్ళనే చూశాను. దానికి సీటు ఇచ్చినవాళ్ళను చూడడం అదే మొదటిసారి. నోరు మూసుకున్నాను.

"ఏ ఊరి పోచమ్మ బిడ్డా?" అని ముసలవ్వ అడిగింది.

"మా ఇంటిదే అవ్వా" అన్నాను. అబద్ధం కాదు కదా.

"మరి తలేది?"

"తల కోసమే పోతున్న ఆర్మూరుకు."

సగం బస్సు నా వైపు తిరిగింది. వెనక ఎవరో గుసగుసగా, "పండుగ చేస్తరేమో, కొత్తగ నిలవెడ్తున్నరు" అన్నారు. ముసలవ్వ కొంగు ముడి విప్పి కుంకుమ తీసి బొమ్మ భుజానికి అద్దింది. కండక్టర్ నాకు ఒక టికెట్ ఇచ్చి, సంచి వైపు చూసి, "అమ్మవారికి లగేజీ టికెట్ కొడ్తె నా చెయ్యి నొస్తది" అని ముందుకు పోయాడు. సరిత ఉంటే ఈ మాటలకు కిందపడి దొర్లి నవ్వేది. నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకున్నాను. చూసేవాళ్ళు భక్తి అనుకొని ఉంటారు.

ఎనిమిదింబావుకు పెర్కిట్ వచ్చింది. బస్సు ఊళ్ళోకి కూడా పోతుంది కానీ బరువు ఉంటే పెర్కిట్‌లోనే దిగడం మంచిది, ఆటో అయితే దుకాణం ముందే దింపుతుంది. మనిషికి రూపాయి. ఆర్మూరులోకి వస్తుంటే ఒకటి మీద ఒకటి పేర్చినట్టు రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టలను చూసి సరిత, "అమ్మా, ఇవి గూడ ఎవరో ఏరుకొచ్చి పెట్టినట్టున్నయి" అనేది. నాకు ఎప్పుడూ రాళ్ళే కనిపించేవి. ఆ రోజు మాత్రం ఒక రాయి అచ్చంగా కోపంతో మూతి ముడుచుకున్న మా బావగారిలాగా కనిపించింది.

మొదట ఖాజా భాయ్ పాత ఇనుప దుకాణానికి పోయాను. పసుపు మార్కెట్ వెనక సందులో ఉండేది. ఎండలో తడకల కింద పాత రేకులు, బోరు పైపులు, ట్రాక్టర్ ముక్కలు గుట్టలు గుట్టలు. ఆయన సంచి విప్పి చూసి, నన్ను చూసి, మళ్ళీ బొమ్మను చూశాడు.

"సరితమ్మ అమ్మవా చెల్లే?"

తల ఊపాను. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"మస్తు సతాయించింది చెల్లే నీ బిడ్డ. దీనికి తల అని ఆరు ముక్కలు పట్కపోయింది, ఆరు మల్ల తెచ్చిచ్చింది. బాయి గిరక తీస్కపోయింది, వద్దని తెచ్చింది. సొట్ట చెంబు తీస్కపోయింది, తెచ్చింది. ఎందుకమ్మా అంటె, 'దీంట్ల మొకం లేదు భాయ్' అంటది. ఇనుప ముక్కకు మొకం యాడికెల్లి వస్తది చెప్పు?"

"ఎవరి బొమ్మనో చెప్పిందా భాయ్?"

ఆయన వింతగా చూశాడు. "నీదే కద! 'మా అమ్మను కూసుండవెట్టి మూడు నెలలాయె భాయ్, ఇంకా చుట్టుడు అయితలేదు, లేస్తలేదు' అంటుండె."

నేను అక్కడే ఒక పాత టైరు మీద కూర్చుండిపోయాను. ఏడాది నుంచి ఇంట్లో నా ఎదురుగా నేనే కూర్చొని ఉన్నాను, నాకు తెలియలేదు.

ఏడుపు వస్తుందనుకున్నాను. కానీ ఖాజా భాయ్ ఊరుకోలేదు. నా ముఖం వంక చూస్తూ గుట్టలో ఒక్కొక్క ముక్క ఎత్తి నా చెంప పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాడు. "గిది జర సన్నగున్నది. గిది ముక్కు పెద్దగున్నది." "నా ముక్కు గంత పెద్దగ ఉన్నదా భాయ్?" అంటే, "లేదు చెల్లే, అల్లా కసం, గింతే" అని వేళ్ళు పెట్టి చూపించాడు. ఆఖరుకు సరిత తిప్పి ఇచ్చిన ఆ సొట్ట చెంబునే తీసుకున్నాను. నాకు అంతకంటే ఏం తెలుస్తుంది?

పక్కనే మల్లేశ్ వెల్డింగ్ షాపు. ట్రాక్టర్ ట్రాలీలు అతికిస్తాడు. సరితకు పని నేర్పింది అతనే. చెంబు చూసి ఇరవై రూపాయలు అన్నాడు. కానీ అప్పటికే పది అయింది, కరెంటు పోయింది. "పన్నెండుకు వస్తది అక్కా, ఫికర్ చెయ్యకు. బొమ్మ ఈడ వెట్టి పో, జర కడుపుల ఏమన్న ఏసుకొని రా" అన్నాడు.

మీరు కూడా అట్లా రెండు గంటలు ఖాళీగా ఉంటే పసుపు మార్కెట్‌కు పోండి. పసుపు కొమ్ములు ఒక పక్క, గుండ్రటి గోళ దుంపలు ఒక పక్క కుప్పలు పోసి ఉంటాయి. ఆడవాళ్ళు జల్లెడ పడుతుంటారు. గాలి పచ్చగా ఉంటుంది, తుమ్మితే పచ్చగా వస్తుంది. అక్కడ జల్లెడ పడుతున్న లచ్చవ్వ అనే పెద్దామె నన్ను పిలిచి, నేను ఎవరో, ఎందుకు వచ్చానో అంతా కక్కించి, తన గిన్నెలోంచి మక్కజొన్న గట్క, పచ్చిపులుసు నాకు సగం పెట్టింది.

"నీ బొమ్మనా? ఇనుముతోనా? నేను సూడాలె పిల్లా" అని, ఇంకో ఇద్దరిని లేపుకొని నా వెంట వచ్చేసింది.

షాపుకు వచ్చేసరికి మల్లేశ్ చేతిలో సుత్తె ఉంది, ముఖంలో గొప్ప సంతోషం ఉంది. "అక్కా, అప్పుడు గింత వంగి లేకుండె, బస్సుల వచ్చుట్ల మెడ వంగిపోయింది. సక్కగ చేసిన సూడు" అన్నాడు. చెంబును పైన నిలబెట్టి చూపించాడు.

 మెడ కడ్డీ నిటారుగా నిలబడి ఉంది. బొమ్మ ఫోటో దిగడానికి కూర్చున్న పెళ్ళికూతురులాగా ఎదురుగా చూస్తున్నది.

"అయ్యో తమ్మీ, అది బస్సుల వంగలె! ఏడాది సంది గట్లనే ఉన్నది, సరితనే వంచింది!"

"మెడ వంచుకొని ఎవరు కూసుంటరక్కా?"

 చెప్పడం మాని, అక్కడే నేల మీద గోనె వేసుకొని కూర్చున్నాను. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, ఒళ్ళో మల్లేశ్ రేకు ముక్క ఒకటి పెట్టుకొని, ఆకు లేకుండానే, తంబాకు లేకుండానే బీడీ చుట్టడం మొదలుపెట్టాను. పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పని. చేతులు కదలగానే తల దానంతట అదే వంగిపోయింది. గడ్డం ఛాతీకి తగిలేంత దాకా. మల్లేశ్ చుట్టూ తిరిగి చూశాడు. లచ్చవ్వ పగలబడి నవ్వింది.

"ఓరి తమ్మీ, బీడీలు సుట్టేటోళ్ళను ఎన్నడు సూడలేదార? మీ ఇంట్ల ఎవరు సుట్టరా?"

"మా అమ్మ సుడ్తది" అన్నాడు మల్లేశ్ చిన్నగా. "ఎన్నడు గిట్ల సూడలేదు."

కరెంటు రాగానే కడ్డీని కాల్చి, ఎర్రగా చేసి, నన్ను చూసుకుంటూ మళ్ళీ వంచాడు. ఇంచు ఎక్కువ, ఇంచు తక్కువ అని లచ్చవ్వ పైన అజమాయిషీ. చెంబు పెట్టి చూస్తే ముఖం ఉండాల్సిన పక్క నేల వైపు పోయింది, పైన చెంబు వీపే కనిపిస్తున్నది. మల్లేశ్ తల గోక్కున్నాడు.

"మరి గిట్ల వంచితె మొకం ఎవరికి కనబడ్తదక్కా? సరిత గూడ గంతే. ఒక్కో తల పెట్టుడు, కింద పండుకొని మీదికి సూసుడు, లేచి దుమ్ము దులుపుకొని, 'కాదు అన్నా' అనుడు. మేం నవ్వుతుంటిమి."

కింద పడుకొని పైకి చూసేదా?

అప్పుడు తెలిసింది నాకు. సరిత చిన్నప్పుడు, నేను బీడీలు చుట్టేటప్పుడు, నా మడిచిన కాలు మీద తల పెట్టి పడుకునేది. పెద్దయ్యాక కూడా మానలేదు. బయటివాళ్ళు ఎవరు వచ్చినా నా పాపిట, నా కొప్పు తప్ప చూసి ఎరగరు. నా ముఖం చూసింది అదొక్కతే, కింద నుంచి. ఆ ముఖమే అది వెతికింది. పక్క నుంచో ఎదురు నుంచో కాదు.

నేను లేచి ఖాజా భాయ్ దుకాణంలోకి పరుగెత్తాను. ఈసారి ముక్కలను ఎత్తి చూడలేదు. నేల మీద కూర్చొని, వాటి కడుపులోకి, అడుగు నుంచి చూసుకుంటూ పోయాను. రేకుల కింద, బోర్లాపడి, అద్దం పగిలిన ట్రాక్టర్ హెడ్‌లైట్ ఒకటి దొరికింది. బయట తుప్పు. తిప్పితే లోపల వెండిలాగా తళుక్కుమంది.

మల్లేశ్ ఆ లోపలి మెరుపు పోకుండా తడి గోనె కప్పి, వెనక వైపు రెండే రెండు చుక్కలు అతికించాడు. లచ్చవ్వ నా సంచిలో చెయ్యి పెట్టి సైకిల్ చైను బయటికి తీసింది. నా వెనక్కి వచ్చి నా కొప్పు చూసింది, చైను చుట్ట చూసింది.

"పిల్లా, గిది కొప్పు కాదా ఏంది!"

కొప్పే. చుట్టి పెడితే అచ్చంగా సరిపోయింది. నిలబడి చూస్తే ఇప్పుడు తల వంచుకొని పని చేసుకుంటున్న మనిషి. అంతే, ఇంకేమీ లేదు. నేను నలుగురి ముందు సిగ్గు విడిచి, ఆ ఇనుప రజను మీద వెల్లకిలా పడుకొని, దాని మోకాలి దగ్గర తల పెట్టి పైకి చూశాను. గిన్నెలాంటి ఆ వెండి లోపల, చిన్నగా, మసకగా ఒక ముఖం. నాదే. కానీ తలకిందులుగా ఉంది! నుదురు కిందికి, గడ్డం పైకి, బొట్టు ఎక్కడో. కాలు మీద పడుకొని చూసే పిల్లకు అమ్మ ముఖం అట్లాగే కదా కనిపిస్తుంది. నాకు నవ్వు వచ్చింది. నేను నవ్వితే అది నవ్వింది, నవ్వినప్పుడు ఆ ముక్కు సరిత ముక్కు. ఏడాది తర్వాత కడుపు నొప్పి వచ్చేలాగా నవ్వాను. "ఏమైంది పిల్లా" అని లచ్చవ్వ కూడా పడుకుంది. ఆమె వెనక మిగతా ఇద్దరు. మల్లేశ్ షాపు ముందు పసుపు పట్టిన ఆడవాళ్ళం వరుసగా వెల్లకిలా పడి నవ్వుతుంటే, ట్రాక్టర్ వాళ్ళు ఆపి చూసి పోయారు.

నాలుగు గంటల బస్సు ఎక్కితే పొద్దుటి కండక్టరే. "తల పెట్టిచ్చినవా అమ్మా?" అని గబగబా వచ్చాడు. హెడ్‌లైట్ చూసి నోరు తెరిచాడు. ఈసారి నిజం చెప్పాను. బొమ్మ నాదని, చేసింది నా బిడ్డని, బిడ్డ ఇప్పుడు లేదని. అతను వంగి, లోపల చూసుకొని, మీసం సర్దుకున్నాడు. "తలొచ్చింది కద, ఇగ ఆఫ్ టికెట్ కొట్టాలె" అన్నాడు. కొట్టలేదు మాత్రం.

ఆదివారం నాడు బావగారు వచ్చారు. నిలబడి చూసి, "తల పెట్టిచ్చినవు, మొకం ఏది?" అని గట్టిగా అడిగారు. "కింద కూసొని చూడు బావా" అన్నాను. పంచె సర్దుకొని, గొణుక్కుంటూ కూర్చున్నారు. వంగారు. ఇంకా వంగారు. చాలాసేపు లేవలేదు. లేచేటప్పుడు కండ్లు తుడుచుకొని, "చిన్నప్పుడు మా అమ్మ గూడ సుట్టేది" అన్నారు. తర్వాత, "మంచిగున్నది. వాకిట్ల వానకు తడుస్తది, అర్రల పెట్టుకో" అన్నారు. గోదావరి మాట మళ్ళీ ఎత్తలేదు.

బొమ్మ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. తుప్పు పట్టింది, వెండి పూత చాలా మటుకు పోయింది. వచ్చిన పిల్లలు మొదట దాని చుట్టూ తిరుగుతారు, తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒకరు పడుకొని పైకి చూస్తారు. చెత్తతో బొమ్మ చేయడమంటే నాకు తెలిసింది ఇంతే. ముక్కలో బొమ్మ ఉండదు. ఆ మనిషిని ఎక్కడి నుంచి ప్రేమగా చూశామో అక్కడికి పోయి మళ్ళీ కూర్చోవాలి, అప్పుడు ముక్క దానంతట అదే కనిపిస్తుంది. సరితకు అది తెలుసు. అది ఆరుసార్లు వెతికింది. ఏడోసారి నా చేత వెతికించింది. నేను ఇప్పటికీ బీడీలు చుట్టేటప్పుడు మడిచిన కాలును ఖాళీగానే ఉంచుకుంటాను, అలవాటు. కానీ ఇప్పుడు ఆ ఖాళీ బరువుగా అనిపించదు.

పోయేవాళ్ళకు ఒక్క మాట: పసుపు వచ్చే నెలల్లో పొద్దున్నే బయల్దేరండి, బొమ్మను మాత్రం పసుపు సంచిలో చుట్టకండి. చుడితే సీటు దొరుకుతుంది కానీ, ఏ ఊరి అమ్మవారు అని అడిగితే జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి.